కత్తికి ముందు కదలిక: నడుము నొప్పి చికిత్స నడచి వచ్చిన దారి

చిక్కడపల్లి మెట్రో స్టేషను మెట్లు దిగి అశోక్‌నగర్ వైపు నడిచేటప్పుడు ఒక్కసారి తల ఎత్తి బోర్డులు చదవండి. గ్రూప్-1, గ్రూప్-2, సివిల్స్ శిక్షణ కేంద్రాలు. వాటి పక్కన హాస్టళ్ళు, రీడింగ్ రూములు, జిరాక్సు దుకాణాలు, కర్రీ పాయింట్లు. వీటన్నిటి నడుమ అక్కడక్కడ ఫిజియోథెరపీ క్లినిక్కులు. రోజుకు పన్నెండు గంటలు ప్లాస్టిక్ కుర్చీలో వంగి కూర్చొనే యువకులు ఒక వైపు, త్యాగరాయ గానసభలో కచేరీ ముగియకముందే నడుము పట్టుకొని లేచే నావంటి వృద్ధులు మరొక వైపు. ఈ పేటలో నడుము నొప్పికి కొదువ లేదు.

గడచిన వేసవిలో అశోక్‌నగర్ హాస్టలులో ఉండి పోటీపరీక్షలకు చదువుతున్న ఒక యువకుని అతని తండ్రి నా ఇంటికి తీసుకొని వచ్చారు. చేతిలో ఎం.ఆర్.ఐ. ఫిల్ముల సంచి. నడుమునుండి ఎడమ పిరుదు, తొడ, పిక్కల మీదుగా పాదం దాకా లాగే నొప్పి మొదలై అయిదు వారాలయినది. నాలుగవ, అయిదవ కటి పూసల మధ్య డిస్కు వెనుకకు పొడుచుకొని వచ్చి నరమును ఒత్తుతున్నదని రిపోర్టులో ఉన్నది. పది రోజులలో ఆపరేషనుకు తేదీ ఇచ్చారు.

"ముందు ఫిజియోథెరపీ చేయించి చూడలేదా?" అని అడిగాను.

"అది గూడ అయిపోయింది సారూ. పది రోజులు చేయించినం. తగ్గలే," అన్నారు తండ్రి.

"ఏమేమి చేశారు?"

"కరెంటు పెట్టిన్రు, వేడి పెట్టిన్రు, నడుముకు బరువులు కట్టి గుంజిన్రు. బెల్టు ఇచ్చిన్రు."

"వ్యాయామాలు?"

యువకుడు జేబులోనుండి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీశాడు. దాని మీద ఆరు బొమ్మలున్నాయి. వాటిని అతనిచేత ఎవ్వరూ చేయించలేదు.

ఆపరేషను చేయించుకోవాలా వద్దా అన్న ప్రశ్నతో నన్ను కలిసేవారికి నేను మొదట వేసే ప్రశ్న ఇదే: మీరు ఫిజియోథెరపీ అని దేనిని అంటున్నారు? ఈ ప్రశ్న ఎందుకు ముఖ్యమో తెలియాలంటే నడుము నొప్పి చికిత్స గడచిన తొంభై యేళ్ళలో ఏ దారిన నడిచి వచ్చినదో కొంచెం చెప్పవలసి ఉన్నది. ఆ దారిలో సగం దూరం నేను కూడా నడిచాను, తప్పటడుగులతో సహా.

కాలిలోకి దిగే నడుము నొప్పి కొత్త జబ్బు కాదు. చరక సంహితలో దీనికి గృధ్రసీ అని పేరున్నది. పిరుదు, నడుము, తొడ, మోకాలు, పిక్క, పాదము వరుసగా పట్టుకొనే నొప్పి అని అక్కడి వర్ణన. గృధ్రము అంటే గద్ద. రోగి గద్దవలె కాలీడ్చి నడుస్తాడు గనుక ఆ పేరు వచ్చినదని పెద్దలు చెప్పేవారు. 1764లో ఇటలీలోని నేపుల్స్ నగరపు వైద్యుడు డొమెనికో కొటుగ్నో ఈ నొప్పి కీలునుండి కాక నరమునుండి పుడుతున్నదని ఒక గ్రంథం వ్రాశాడు. వెల్లకిల పడుకోబెట్టి, మోకాలు వంచకుండా కాలు పైకి ఎత్తి చూసే పరీక్ష మీలో చాలామందికి అనుభవమే. దానిని ఫ్రెంచి వైద్యుడు లాసెగ్ పేర పిలుస్తాము గాని, వ్రాసినవాడు ఆయన శిష్యుడు ఫోర్స్త్, 1881లో. అంతకు ఒక యేడు ముందే సెర్బియాలో లాజరెవిచ్ అనే వైద్యుడు దానిని వర్ణించాడు. ఆయన ఆ దేశంలో పేరున్న కథకుడు కూడా. వైద్యులు కథలు వ్రాయడం మన దగ్గర మాత్రమే ఉన్న అలవాటు కాదన్నమాట.

నరము నొప్పి పెడుతున్నదని తెలిసినది గాని, దానిని ఒత్తుతున్నదేమిటో తెలియలేదు. శవపరీక్షలలోను, అరుదుగా చేసిన ఆపరేషన్లలోను వెన్నుకాలువలో కనిపించిన మెత్తని ముద్దలను మృదులాస్థి కంతులుగా భావించి కోండ్రోమా అని వ్రాసుకొనేవారు. ఆ పొరపాటు తొలగినది బోస్టన్‌లో. మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో నరాల శస్త్రవైద్యుడు విలియం జేసన్ మిక్స్టర్, ఎముకల వైద్యుడు జోసెఫ్ బార్ కలిసి ఒక యువకునికి 1932 డిసెంబరులో ఆపరేషను చేశారు. తీసిన ముక్క కంతి కాదు, డిస్కు భాగమే అని గుర్తించారు. అల్మరాలలో కంతులని చీటీలంటించి దాచిన పాత నమూనాలను మళ్ళీ సూక్ష్మదర్శిని క్రింద పెట్టి చూస్తే, వాటిలో చాలా భాగం డిస్కు ముక్కలే అని తేలినది. 1934 ఆగస్టులో వారి వ్యాసం న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వెలువడినది.

డిస్కు అంటే రెండు వెన్నుపూసల నడుమ ఉండే మెత్త. వెలుపల పొరలు పొరలుగా గట్టి నారవలయం, లోపల గుజ్జు. వలయం చీలితే గుజ్జు వెనుకకు జారి, కాలికి పోయే నరపు మొదలును తాకుతుంది. ఒత్తిడితోబాటు ఆ గుజ్జు వలన కలిగే వాపు, రసాయనిక తాపం కూడా నరమును బాధిస్తాయి. ఈ రెండవ సంగతి చాలా తరువాత తెలిసినది. 1934లో తెలిసినది మొదటిది మాత్రమే: ఒక ముక్క ఒత్తుతున్నది, తీసివేస్తే నొప్పి పోతుంది. ఎంత సూటియైన తర్కం! శస్త్రవైద్యులకు ఇంతకంటె ఆకర్షణీయమైన ఊహ ఉండదు. కొందరు వైద్య చరిత్రకారులు ఆ తరువాతి దశాబ్దాలకు డిస్కు వంశపాలన అని పేరు పెట్టారు. కాలిలోకి దిగని వట్టి నడుము నొప్పికి కూడా, డిస్కే కారణమని నమ్మి, ఆపరేషన్లు జరిగాయి. ఆ యిద్దరు వైద్యులు కనుగొన్నది సత్యమే. కాని ఒక జబ్బుకు కనుగొన్న సత్యమును పది జబ్బులకు పూసినారు.

ఆపరేషను వద్దన్నప్పుడు ఏమి చేసేవారు? పడుకోబెట్టేవారు. ఇందుకూ ఒక చరిత్ర ఉన్నది. 1863లో లండన్‌లో జాన్ హిల్టన్, ఆ తరువాత లివర్‌పూల్‌లో హ్యూ ఓవెన్ థామస్ విశ్రాంతియే శరీరమును బాగుచేసే గొప్ప వైద్యుడని బోధించారు. విరిగిన ఎముకలకు, క్షయ పట్టిన కీళ్ళకు, యాంటీబయాటిక్కులు లేని ఆ రోజులలో అది మంచి మాటే. తరువాతివారు ఆ మాటను నడుముకు కూడా తగిలించారు. 1947లో రిచర్డ్ ఆషర్ అనే ఆంగ్ల వైద్యుడు రోగిని మంచానికి కట్టివేయడం వలన కలిగే కీడులను గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఘాటుగా వ్రాశాడు. నడుము వైద్యులు ఆయన మాట విన్నట్లు లేదు.

నేను వైద్యం చదువుకొన్న రోజులలో గాంధీ వైద్య కళాశాల బషీర్‌బాగ్‌లో ఉండేది, నారాయణగూడకు నడచి పోయేంత దూరంలో. ప్రపంచమంతటా ఉన్న పాఠ్యపుస్తకాలే మాకూ ఉండేవి. నడుము నొప్పి, తుంటి నరపు నొప్పి: గట్టి చెక్క మంచం, మూడు వారాలు సంపూర్ణ విశ్రాంతి, నడుముకు పట్టీ కట్టి బరువులు వ్రేలాడదీసే ట్రాక్షను. మలమూత్రాలకు కూడా లేవరాదు. ఇది మాకు పరీక్షలో జవాబు. ఆ జవాబునే పట్టుకొని నేను ఉద్యోగంలో చేరాను.

1979లో ఒక తాలూకా ఆసుపత్రిలో పనిచేస్తుండగా మగ్గం గుంటలో కూర్చొని నేసే నేతకారుడొకడు వచ్చాడు. నలభై యేళ్ళవాడు. రెండు కాళ్ళలోకి నొప్పి. పుస్తకం ప్రకారం పడుకోబెట్టి బరువులు కట్టించాను. మూడవనాటి ఉదయం రౌండ్సులో, "సారూ, రాత్రి సంది ఒంటికి వస్తలేదు," అన్నాడు. పడుకొని మూత్రం పోయడం మగవారికి అలవాటు లేని పని, అందుకే బిగిసినదని అనుకొన్నాను. గొట్టం వేయించి ముందుకు నడిచాను. పక్కనే నిలబడి ఇంకొక ప్రశ్న అడిగి ఉంటే, మలద్వారము చుట్టు స్పర్శ ఉన్నదా అని సూదితో తాకి చూసి ఉంటే, విషయం అప్పుడే తెలిసేది. మరునాడు చూశాను. అప్పటికి పాదాలు పైకి లేవడం లేదు. జీపులో హైదరాబాదు పంపాము, ఆపరేషను జరిగినది. తరువాత కర్ర సాయంతో నడిచాడు. మూత్రం మీద అదుపు తిరిగి రాలేదు. మగ్గం గుంటలోకి మళ్ళీ దిగలేదు.

వెన్నుపాము మొదటి, రెండవ కటి పూసల దగ్గర ముగుస్తుంది. దాని క్రింద నరాలు గుర్రపు తోకవలె కుచ్చుగా దిగుతాయి. పెద్ద డిస్కు ముక్క ఆ కుచ్చును మొత్తంగా నొక్కితే గంటలలో ఆపరేషను చేయవలసి ఉంటుంది. వందలమందిలో ఒకరికి కూడా రాదు ఆ స్థితి. వచ్చిన ఆ ఒక్కడు నా చేతిలో పడ్డాడు. అవసరం లేనివారిని వారాల తరబడి పడుకోబెట్టిన చేతితోనే, క్షణం ఆలస్యం కూడదనవలసినవానిని కూడా పడుకోబెట్టాను. ఈ వ్యాసంలో వ్యాయామాన్ని సమర్థిస్తూ నేను ఏమి వ్రాసినా ఈ సంగతిని పక్కన పెట్టి చదవవద్దని మనవి.

మంచం విశ్రాంతి మీద నమ్మకం కూలడానికి పెద్ద యంత్రాలేవీ అవసరం కాలేదు. 1986లో అమెరికాలో రిచర్డ్ డెయో, సహచరులు 203 మంది నడుము నొప్పి రోగులను రెండు జట్లు చేసి, ఒకరికి రెండు రోజులు, మరొకరికి ఏడు రోజులు విశ్రాంతి చెప్పారు. రెండు రోజులవారు పనికి పోగొట్టుకొన్న దినాలు 45 శాతం తక్కువ. తక్కిన విషయాలలో తేడా లేదు. 1995లో హెల్సింకీ నగరపాలక ఉద్యోగుల మీద జరిగిన ప్రయోగం ఇంకొక అడుగు ముందుకు వేసినది. కొత్తగా నడుము పట్టిన 186 మందిలో కొందరికి పడక, కొందరికి వ్యాయామాలు, మిగిలినవారికి నొప్పి సహించినంత మేర మామూలు పనులు. అందరికంటె ఆలస్యంగా కోలుకొన్నవారు పడుకొన్నవారు. అందరికంటె ముందు కోలుకొన్నవారు మామూలు పనులు చేసుకొన్నవారు. వ్యాయామం జట్టు కాదు, గమనించండి. నొప్పి మొదలైన తొలి రోజులలో ప్రత్యేక వ్యాయామాల కంటె కూరగాయలకు నడిచి పోవడమే మేలు అన్నమాట. ఫిజియోథెరపీని గురించి వ్రాస్తున్నాను గనుక ఈ సంగతి దాచడం న్యాయం కాదు.

ఇక ఫిజియోథెరపీ ఎక్కడినుండి వచ్చినది? 1813లో స్టాక్‌హోంలో పెర్ హెన్రిక్ లింగ్ అనే ఆయన వ్యాయామ విద్యాలయం స్థాపించి, కదలికలను చికిత్సగా బోధించాడు. 1894లో లండన్‌లో నలుగురు నర్సులు, మర్దన పేరిట జరుగుతున్న అక్రమాలనుండి తమ వృత్తి గౌరవమును కాపాడుకొనడానికి, శిక్షణ పొందిన మర్దనకారుల సంఘం పెట్టుకొన్నారు. నేటి బ్రిటిష్ ఫిజియోథెరపిస్టుల సంస్థకు అదే మూలం. మొదటి ప్రపంచ యుద్ధం చేతులూ కాళ్ళూ దెబ్బతిన్న సైనికులను వారి వద్దకు వేలకొద్దీ పంపినది. మన దేశంలో ఈ విద్యను తెచ్చినది యుద్ధం కాదు, పోలియో. 1952లో బొంబాయిలో ఆ వ్యాధి ప్రబలిన మరుసటి యేడు, ప్రపంచ ఆరోగ్య సంస్థ సహాయంతో అక్కడి కింగ్ ఎడ్వర్డ్ మెమోరియల్ ఆసుపత్రిలో తొలి పాఠశాల వెలసినది. మన నగరంలో 1960లలో పంజాగుట్టలో వచ్చిన నిజామ్స్ ఆర్థోపెడిక్ హాస్పిటల్, నేటి నిమ్స్, ఎముకలు కీళ్ళ వైద్యానికి ఆలంబనమయినది. నా తరం వైద్యుల మనసులో ఫిజియోథెరపీ గది అంటే పోలియో పిల్లలు, కాలిపర్లు, సమాంతరపు కడ్డీలు. నడుము నొప్పి మనిషిని అక్కడికి పంపితే వేడి దీపం క్రింద పడుకోబెట్టడానికే అనుకొనేవారము. నేను వ్రాసిన చీటీలలో కూడా ఒక్కటే మాట ఉండేది: ఫిజియోథెరపీ, పది రోజులు. ఏమి చేయాలో వ్రాసేవాడిని కాను, ఎందుకంటే నాకూ తెలియదు.

నడుముకు వ్యాయామాల చరిత్రలో ఇద్దరి పేర్లు చెప్పుకోవాలి, వారు ఒకరికొకరు విరుద్ధులు గనుక. 1937లో టెక్సాస్ రాష్ట్రంలోని డాలస్ వైద్యుడు పాల్ విలియమ్స్ నడుమును ముందుకు వంచే వ్యాయామాలు ప్రచారం చేశాడు. మోకాళ్ళు రొమ్ముకు చేర్చడం, పొట్ట కండరాలు గట్టిపరచడం. పాతికేళ్ళు అవే శాసనం. 1956లో న్యూజీలాండు రాజధాని వెల్లింగ్టన్‌లో రాబిన్ మెకెంజీ అనే ఫిజియోథెరపిస్టు క్లినిక్కుకు వచ్చిన ఒక రోగి, మూడు వారాలుగా మామూలు చికిత్సకు లొంగని నొప్పితో ఉన్నవాడు, తలవైపు పైకి లేచి ఉన్న బల్లమీద పొరపాటున బోర్లా పడుకొని కొన్ని నిమిషాలు అలాగే ఉండిపోయాడు. నడుము వెనుకకు బాగా వంగినది. విలియమ్స్ లెక్క ప్రకారం నొప్పి పెరగాలి. మెకెంజీ వచ్చి చూసి కంగారు పడ్డాడు. రోగి మాత్రం కాలిలో నొప్పి పోయినదన్నాడు. కాలినుండి నొప్పి వెన్ను వైపు వెనుదిరగడం మంచి గుర్తు అని, ఏ దిక్కుకు వంగితే అట్లా వెనుదిరుగుతుందో రోగి రోగికీ పరీక్షించి తెలుసుకోవాలని మెకెంజీ ఆ తరువాత పాతికేళ్ళు పరిశీలించి 1981లో పుస్తకం వ్రాశాడు. అందరికీ ఒకే కాగితం, ఒకే ఆరు బొమ్మలు ఎందుకు చాలవో మీకు ఇక్కడ తెలుస్తుంది.

అయితే ఆపరేషను చేయించుకొన్నవారు, చేయించుకోనివారు కొన్నేళ్ళ తరువాత ఎలా ఉంటారు? ఈ ప్రశ్నను సరిగా అడిగినవాడు ఓస్లోలో హెన్రిక్ వెబర్. డిస్కు జారినట్లు రుజువైన 280 మందిలో, ఆపరేషను తప్పనిసరి అయినవారిని, దానంతట మెరుగవుతున్నవారిని వేరు చేసి, ఎటూ తేలని 126 మందిని చీటీ వేసినట్లు రెండు జట్లు చేశాడు. 1983లో పదేళ్ళ ఫలితాలు ప్రకటించాడు. ఒక యేడాది చివర ఆపరేషను జట్టు స్పష్టంగా మెరుగు. నాలుగేళ్ళకు ఆ తేడా లెక్కకు నిలవలేదు. పదేళ్ళకు ఇద్దరూ దాదాపు ఒక్కటే. 2007లో నెదర్లాండ్స్‌లో పౌల్, సహచరులు ఆరునుండి పన్నెండు వారాలుగా తీవ్రమైన తుంటి నరపు నొప్పి ఉన్న 283 మందితో ఇదే ప్రశ్నను మళ్ళీ అడిగారు. వెంటనే ఆపరేషను జరిగినవారికి కాలినొప్పి త్వరగా తగ్గినది. ఆగమన్నవారిలో 39 శాతానికి ఆ యేడాదిలోనే చివరికి ఆపరేషను అవసరమైనది. యేడాది ముగిసేసరికి రెండు జట్లలోను 95 శాతం కోలుకొన్నామన్నారు.

ఈ అంకెలను రెండు వైపులనుండి చదవాలి. ఆగినవారిలో పదిమందికి ఆరుగురు కత్తి లేకుండానే గట్టెక్కారు. కాని వారు ఆ నెలలన్నీ నొప్పిని భరించారు. పరీక్ష మూడు నెలలలో ఉన్న విద్యార్థికి, రోజుకూలికి, ఆ నెలల విలువ వేరు. ఆపరేషను చేయించుకొన్నవారిని పిరికివారని, తొందరపాటువారని నేను అనను. ఆరువారాలు సరియైన ప్రయత్నం తరువాత కూడా కాలినొప్పి నిద్రపోనివ్వకపోతే, ఆపరేషను నొప్పిని త్వరగా తీర్చే మంచి మార్గమే.

జారిన ముక్క ఎక్కడికి పోతుంది అని అడుగుతారు పాఠకులు. శరీరమే దానిని తినివేస్తుంది. వెన్నుకాలువలోకి వచ్చిన గుజ్జును మన రక్షణ కణాలు పరాయి వస్తువుగా గుర్తించి క్రమంగా కరిగిస్తాయి. విడిపోయి పడిన పెద్ద ముక్కలు చిన్న ఉబ్బుల కంటె ఎక్కువగా కరగడం ఇందులో వింత. రిపోర్టులో పెద్ద మాటలు చూసి బెదిరేవారు ఇది గుర్తుంచుకోవచ్చు.

రిపోర్టుల మాట వచ్చినది గనుక: ఎం.ఆర్.ఐ. వచ్చిన తరువాత 1934 నాటి పొరపాటే కొత్త వేషంతో తిరిగి వచ్చినది. 1994లో అమెరికాలో నడుము నొప్పి లేని 98 మందికి ఎం.ఆర్.ఐ. తీశారు. వారిలో 52 శాతానికి కనీసం ఒక డిస్కు ఉబ్బి ఉన్నది, 27 శాతానికి పొడుచుకొని వచ్చి ఉన్నది. అన్ని డిస్కులూ సరిగా ఉన్నవారు 36 శాతమే. తల నెరసినట్లే డిస్కూ నెరుస్తుంది. ఫిల్ములో కనిపించినదే నొప్పికి కారణమని తేల్చాలంటే, నొప్పి దిగే దారి, కాలి బలం, స్పర్శ, మోకాలి కొట్టు ఆ పూసతో సరిపోలాలి. అది చేతితో చేసే పరీక్ష, పది నిమిషాల పని. ఫిల్ము చూసి, రోగిని బల్ల మీద పడుకోబెట్టకుండానే తేదీ ఇచ్చే వైద్యునివద్దనుండి లేచి రండి.

ఇప్పుడు ఆ తండ్రి మాట దగ్గరకు వస్తాను: ఫిజియోథెరపీ అయిపోయింది, తగ్గలేదు. కాలిలోకి దిగకుండా యేళ్ళ తరబడి ఉండే నడుము నొప్పికి పూసలను స్క్రూలతో బిగించి కలిపే ఆపరేషను ఒకటున్నది. 2001లో స్వీడన్‌లో 294 మందితో జరిగిన అధ్యయనంలో, ఆ ఆపరేషను ఫిజియోథెరపీ కంటె మేలని తేలినది. శస్త్రవైద్యులు సంతోషించారు. 2003లో నార్వేలో 64 మందితో, 2005లో బ్రిటన్‌లో 349 మందితో జరిగిన అధ్యయనాలలో మాత్రం రెండింటికీ చెప్పుకోదగిన తేడా కనబడలేదు. ఒకే ఆపరేషను, ఫలితం ఎందుకు మారినది? అవతలి జట్టుకు ఇచ్చినది మారినది. స్వీడన్‌లో ఇచ్చినది అంతకుముందు వారు వాడి ఫలించని మామూలు ఫిజియోథెరపీ. నార్వే, బ్రిటన్‌లలో ఇచ్చినది వారాల తరబడి రోజూ గంటలకొద్దీ, దగ్గర నిలబడి చేయించిన వ్యాయామం, దానితోబాటు వంగితే ఏదో విరిగిపోతుందన్న భయమును మాటలతో, చేతలతో పోగొట్టడం. నేను ఈ మూడు అధ్యయనాలను పక్కపక్కన పెట్టుకొని చదివిన రోజున నా పాత చీటీలు గుర్తుకు వచ్చాయి. ఫిజియోథెరపీ, పది రోజులు.

2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలపు నడుము నొప్పికి శస్త్రేతర చికిత్సలపై మార్గదర్శకాలు వెలువరించినది. వ్యాయామము, రోగికి విషయం వివరించి చెప్పడం కావాలన్నది. ట్రాక్షను, అల్ట్రాసౌండ్, చర్మం మీద అంటించి పెట్టే కరెంటు, నడుము బెల్టు: ఇవి మామూలుగా వద్దన్నది. ఆ తండ్రి చెప్పిన జాబితాను మళ్ళీ చదవండి. వేడి కాపడం తప్ప, అతని కొడుక్కు చేసినవన్నీ ఆ వద్దన్న జాబితాలోనివే.

క్లినిక్కుల తప్పే అని కూడా అనలేను. యంత్రం తగిలించి పోతే ఒక ఫిజియోథెరపిస్టు ఒకేసారి నలుగురిని చూడవచ్చు. ఒకరిచేత వ్యాయామం చేయించాలంటే అరగంట పక్కన నిలబడాలి. రోగులకు కూడా యంత్రమంటేనే నమ్మకం. వట్టి చేతులతో చేయించేదానికి డబ్బెందుకని అడిగేవారిని నేనెరుగుదును. ఆరోగ్య బీమా మామూలుగా ఆసుపత్రిలో చేరిన ఆపరేషనుకు చెల్లిస్తుంది. వీధి చివర క్లినిక్కులో ఆరు వారాల వ్యాయామానికి ఎక్కువ పాలసీలు చెల్లించవు. రెండు వేలకు జేబు తడుముకొనే కుటుంబం రెండు లక్షల ఆపరేషనుకు సంతకం పెట్టడం వెనుక ఈ లెక్క కూడా ఉన్నది.

కాబట్టి మీరు చిక్కడపల్లిలోనో నారాయణగూడలోనో ఏ క్లినిక్కుకు పోయినా మొదటి రోజే అడగండి: నన్ను ఏ పరీక్షలు చేసి చూస్తారు? ఏ వైపు వంగితే నా నొప్పి కాలినుండి వెనుకకు మరలుతున్నది? ఇంటివద్ద రోజుకు ఎన్నిసార్లు, ఎన్ని చేయాలి? రెండు వారాలలో మార్పు లేకపోతే ఏమి మారుస్తారు? జవాబులకు బదులు యంత్రం వైపు చూపిస్తే ఇంకొక మెట్లు ఎక్కండి. ఈ పేటలో మెట్లకు కరువు లేదు.

కొందరు మాత్రం ఏ క్లినిక్కుకూ పోరాదు. మూత్రం బిగిసినా, తెలియకుండా పోయినా, మలద్వారము చుట్టూ జీను ఆనే చోట మొద్దుబారినా, రెండు కాళ్ళూ బలహీనపడుతున్నా, అది రాత్రి రెండు గంటలైనా సరే పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి పోవాలి. ఈ పేటవారికి ముషీరాబాదులో గాంధీ ఆసుపత్రి మెట్రోలో మూడు నాలుగు స్టేషన్ల దూరమే. అర్ధరాత్రి అయితే ఆటోలో పది నిమిషాలు. పాదం వ్రేలాడిపోయి చెప్పు జారిపోతున్నా అదే రోజు వైద్యుని కలవాలి. జ్వరంతో నడుము నొప్పి, కాన్సరు వచ్చి తగ్గినవారికి కొత్తగా నడుము నొప్పి, పడిన తరువాత వృద్ధులకు నడుము నొప్పి, ఇవి వేరే జబ్బులు, వ్యాయామంతో ఆడుకోకూడనివి.

ఆ యువకుని బల్ల మీద పడుకోబెట్టి పరీక్షించాను. పాదం బలం బాగున్నది, మూత్రం ఇబ్బంది లేదు, బొటనవ్రేలి దగ్గర కొంచెం తిమ్మిరి. నలభై యేళ్ళ క్రితం అడగని ప్రశ్నలన్నీ అడిగాను. ఆ తరువాత శస్త్రవైద్యునికి ఫోను చేశాను. నాకంటె ముప్పై యేళ్ళు చిన్నవాడు, నిదానంగా విన్నాడు. "ఆరు వారాలు ఆగుదాం సార్, నాకేమీ అభ్యంతరం లేదు. త్వరగా కానివ్వమని వాళ్ళ నాన్నే పట్టుబట్టారు," అన్నాడు. అబద్ధమని నేననుకోను. హాస్టలు, కోచింగు ఫీజులకు పొలం కౌలుడబ్బు పంపుతున్న తండ్రికి ఒక్కొక్క వారం ఎంత బరువో నాకు తెలుసు.

పక్క వీధిలో ఒక ఫిజియోథెరపిస్టు అమ్మాయి దగ్గరకు పంపాను. ఆమె వద్ద యంత్రాలు తక్కువ. బోర్లా పడుకొని మోచేతుల మీద లేవడం, రోజుకు ఆరేడు సార్లు. నలభై నిమిషాలకు ఒకసారి కుర్చీ వదలడం. ఉదయం ఇందిరా పార్కులో నడక, మొదట పది నిమిషాలు, తరువాత ముప్పై. రెండవ వారంలో నొప్పి ఇంకా ఉన్నదని తండ్రి ఊరినుండి ఫోనులో కోప్పడ్డారు. నాలుగవ వారానికి పాదంలో నొప్పి పిక్కకు, ఆరవ వారానికి పిరుదుకు మరలినది. ఇప్పటికి నాలుగు నెలలు. గంటకు మించి కూర్చుంటే పిరుదులో లాగుతున్నదంటాడు. సిటీ సెంట్రల్ లైబ్రరీలో కిటికీ అంచున పుస్తకం పెట్టుకొని నిలబడి చదువుతున్నాడట. ఆపరేషను తేదీ గడిచిపోయినది, మళ్ళీ అడగలేదు.

మొన్న తండ్రి ఫోను చేసి, డిస్కు లోపలికి పోయిందో లేదో చూడడానికి ఇంకొక ఎం.ఆర్.ఐ. తీయిద్దామా సారూ అని అడిగారు. పిల్లవాడు నడుస్తున్నాడు కదా, ఎందుకని అడిగాను. కాసేపు ఆగి, "అయితే ఆ బెల్టు ఏం చేయాలె సారూ? పన్నెండు వందలు పెట్టి కొన్నం," అన్నారు.